నగ తిప్పి చూడండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి

పోయిన నెల ఇదే పేజీలో వేరే ఎవరికో జవాబు ఇస్తూ చివర హాల్‌మార్క్ గురించి, అంటే నగని పరీక్షించి వేసే స్వచ్ఛత ముద్ర గురించి, రెండు మాటలు రాశాను. ఆ రెండు మాటల మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు నగల ఫొటోలు పంపారు, ఒకావిడైతే తన గాజు లోపలివైపు కనిపించిన గుర్తుల్ని పెన్సిల్‌తో పెద్దగా గీసి మరీ పంపారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే. మా నాన్న కంసాలి పని చేశారు, నేను కుంపటి పక్కన కూర్చుని హోమ్‌వర్క్ చేసుకుని పెరిగినదాన్ని, కాబట్టి ఇది నాకు ఇంటి విషయం. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకి తమదీ అని చెప్పుకోవడానికి ఉండే ఆస్తి ఒంటి మీద బంగారమే. దాని మీద ఏం రాసుందో వాళ్లకే తెలియకపోతే ఎలా?

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి పెళ్లికి హారం, నాలుగు గాజులు కొన్నాం. కొట్టువాళ్లు "అన్నీ నైన్ వన్ సిక్స్, మీరేం టెన్షన్ పడకండి" అన్నారు. నగ మీద సన్నగా ఏదో రాసుంది గానీ మాకు అర్థం కాలేదు. ఏం చూడాలి?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: గాజు తీసుకుని లోపలివైపు వెలుతురుకి వాల్చి చూడండి. హారానికైతే కొక్కెం దగ్గర గానీ, లాకెట్ వెనక గానీ ఉంటుంది. లేజర్‌తో వేస్తారు కాబట్టి వెంట్రుక మందాన ఉంటుంది, మామూలు కంటికి గీతలాగా కనిపిస్తుంది. కొట్టులో పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఉంచాలి, అడిగితే ఇవ్వాలి. అడగడానికి మొహమాటపడకండి, లక్షలు పోసి కొంటున్నది మీరు.

భూతద్దంలో మూడు గుర్తులు కనిపించాలి. ఒకటి త్రికోణం ఆకారంలో ఉండే బీఐఎస్ గుర్తు, అంటే భారత ప్రమాణాల సంస్థది. దాని పక్కన స్వచ్ఛత, మీ నగలకైతే 22కే916 అని ఉండాలి. మూడోది ఆరు అక్షరాల కోడ్, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి, దాన్ని హెచ్‌యూఐడీ అంటారు. 2021 జులై 1 నుంచి వచ్చిన పద్ధతి ఇది. 2023 ఏప్రిల్ 1 తర్వాత ఈ ఆరక్షరాల కోడ్ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ముందే లెక్క చెప్పిన పాత స్టాకుకి మాత్రం కొందరికి జూన్ ఆఖరు దాకా గడువిచ్చారు.

916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. ఇరవై రెండుని ఇరవై నాలుగుతో భాగిస్తే వచ్చేది అదే. 18 క్యారెట్లయితే 750, 14 అయితే 585. ఈ క్యారెట్ లెక్క రాకముందు మనకి వన్నెల లెక్క ఉండేది. పదహారు వన్నెల బంగారం అని ఇప్పటికీ అంటాం కదా, అదే మేలిమి, అంటే ఇప్పటి 24 క్యారెట్లు. ఆ లెక్కన మీ 22 క్యారెట్ల గాజు పద్నాలుగున్నర వన్నెల కంటే కాస్త ఎక్కువ. మా నాన్న "ఎన్ని వన్నెలు?" అని అడిగే పెద్దవాళ్లకి ఆ లెక్కలోనే చెప్పేవారు.

ఇక అసలు పని. ఫోన్‌లో బీఐఎస్ కేర్ అనే యాప్ వేసుకుని, అందులో హెచ్‌యూఐడీ సరిచూసే చోట ఆ ఆరు అక్షరాలు కొట్టండి. అమ్మిన నగల వ్యాపారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పరీక్ష చేసిన కేంద్రం పేరు, ముద్ర వేసిన తేదీ, స్వచ్ఛత, అది ఏ రకం నగ అన్నది వస్తాయి. చాలామంది 916 కనిపించగానే పచ్చగుర్తు వచ్చినట్టు సంతోషపడి ఊరుకుంటారు. ఆగి రెండు విషయాలు చూడండి. మీ చేతిలో ఉన్నది గాజు అయితే తెర మీద కూడా గాజు అనే రావాలి. నాలుగు గాజులకి నాలుగు వేర్వేరు కోడ్‌లు ఉండాలి. ఒకే కోడ్ నాలుగింటి మీదా ఉంటే అక్కడే ఆగిపోండి, ఎందుకంటే ఆ కోడ్ ఒక్కో వస్తువుకి ఒక్కటే ఇస్తారు. త్రికోణం, 916 అనేవి ఎవరైనా చెక్కగలరు. మీ నగకి తప్ప ఇంకో నగకి లేని గుర్తు ఆ ఆరు అక్షరాలే.

మీరు ఇప్పటికే కొనేశారు కాబట్టి ఈ రాత్రికే కూర్చుని ఐదింటివీ కొట్టి చూడండి, తెర ఫొటో తీసి బిల్లు ఫొటో పక్కన దాచుకోండి.

ప్రశ్న: మా అమ్మది 1996లో చేయించిన కాసులపేరు ఉంది. వెనక కేడీఎం అని ముద్ర ఉంది, హాల్‌మార్క్ లేదు. మార్చుకుందామని తీసుకెళ్తే ఒక కొట్టులో "ఇది ఇప్పుడు చెల్లదు, ఇరవై క్యారెట్లు కూడా రాదు" అన్నారు. నిజమేనా? అమ్మ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.
— ప్రొద్దుటూరు నుంచి ఒక కొడుకు

జవాబు: ముందు అమ్మకి చెప్పండి, ఆ కాసులపేరు ఎక్కడికీ పోలేదు, దాని విలువా పోలేదు. హాల్‌మార్క్ తప్పనిసరి చేసింది అమ్మేవాళ్లకి. ఇంట్లో ఉన్న పాత నగ మీద ముద్ర లేకపోతే అది చెల్లదని ఏ నిబంధనలోనూ లేదు. మీరు దాన్ని ఉంచుకోవచ్చు, అమ్మొచ్చు, మార్చుకోవచ్చు. వ్యాపారి కొనవచ్చు కూడా. అందులో ఎంత బంగారం ఉందన్నదే ప్రశ్న, అది చూపు చూసి చెప్పేది కాదు.

కేడీఎం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది హాల్‌మార్క్ అని ఇప్పటికీ నమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. అది స్వచ్ఛత గుర్తే కాదు, అతుకు పేరు. నగలో కాసుకీ కాసుకీ, రింగుకీ రింగుకీ అతుకు వేయాలంటే నగ కన్నా తక్కువ వేడికి కరిగే లోహం కావాలి. పాత రోజుల్లో దానికి బంగారంలో రాగి, వెండి బాగా కలిపిన అతుకు వాడేవారు. నగని కరిగించినప్పుడు ఆ అతుకు కూడా కలిసిపోయి మొత్తం స్వచ్ఛత దిగేది. అతుకులు ఎక్కువున్న కాసులపేరు లాంటి నగలో ఇంకా ఎక్కువ దిగేది. తర్వాత 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపి అతుకు వేయడం మొదలైంది. అది తక్కువ వేడికే కరుగుతుంది, నగ కరిగించినా స్వచ్ఛత పడిపోదు. అందుకే కేడీఎం అంటే మంచి బంగారం అన్న పేరు వచ్చింది, కొట్లవాళ్లు ముద్రలు వేసుకున్నారు.

ఆ కాడ్మియం వేడికి పొగై లేస్తుంది. కొలిమి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదే మనిషి ఆ పొగే పీలుస్తాడు. ఊపిరితిత్తులకీ మూత్రపిండాలకీ చేటు. మా నాన్న సాయంత్రం పూట పని ఆపి బయట అరుగు మీద కూర్చుని చాలాసేపు దగ్గేవారు. మేం చలిగాలికనుకునేవాళ్లం. తర్వాత బీఐఎస్ ఆ అతుకుని నిషేధించింది, ఇప్పుడు జింక్ లాంటివి కలిపిన అతుకులు వాడుతున్నారు. కాబట్టి ఎవరైనా ఇవాళ కొత్త నగ చూపించి "ఇది కేడీఎం అండీ" అని గొప్పగా చెబితే ఆ కొట్టు మెట్లు దిగి వచ్చేయండి. మీ అమ్మగారి నగ వేసుకున్నందువల్ల ఆవిడకి ప్రమాదం ఏమీ లేదు, ప్రమాదమంతా దాన్ని చేసిన మనిషికే.

ఇప్పుడు చేయాల్సింది. బీఐఎస్ గుర్తింపు ఉన్న పరీక్ష కేంద్రానికి నగ మీరే నేరుగా తీసుకెళ్లవచ్చు, కొట్టువాళ్ల ద్వారా వెళ్లాల్సిన పని లేదు. నాలుగు నగల వరకు మొత్తం రుసుము 200 రూపాయలు, ఐదు అంతకన్నా ఎక్కువైతే నగకి 45 రూపాయల చొప్పున, దాని మీద పన్ను. రిపోర్టు కాగితం ఇస్తారు. మీకు దగ్గర్లో ఏ కేంద్రం ఉందో బీఐఎస్ వెబ్‌సైట్‌లో జిల్లాల వారీగా జాబితా ఉంటుంది.

వెళ్లినప్పుడు ఎలా పరీక్షిస్తారని అడగండి. ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంలో పెడితే నిమిషంలో అంకెలు వచ్చేస్తాయి, నగకి గీత కూడా పడదు. కొట్లలో క్యారెట్ మీటర్ అంటారే, అదే. కానీ అది పైపొరని మాత్రమే చదువుతుంది, వెంట్రుకలో సగం మందం కూడా లోపలికి పోదు. పైన మంచి పూత ఉండి లోపల తక్కువ రకమైతే దానికి తెలియదు. అతుకు దగ్గర పెడితే ఒకటి, కాసు మధ్యలో పెడితే ఇంకొకటి చూపిస్తుంది. ఖాయంగా తెలియాలంటే మచ్చు తీసి పుటం పెట్టాల్సిందే. నగలోంచి చిన్న తునక తీసి, కొంచెం వెండి చేర్చి, సీసం రేకులో చుట్టి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో పెడతారు. సీసం, రాగి అన్నీ కింద ఉన్న మూసలోకి ఇంకిపోతాయి, బంగారం వెండి కలిసిన చిన్న గుండు మిగులుతుంది. దాన్ని రేకులా సాగదీసి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి బంగారం ఒక్కటే ఉంటుంది. దాన్ని మళ్లీ తూస్తారు, ముందు బరువుకీ తర్వాత బరువుకీ నిష్పత్తి కడితే అదే స్వచ్ఛత. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ చివర మిగిలిన ముక్క మట్టిరంగులో పెళుసుగా ఉంది, బంగారంలా అస్సలు లేదు. మళ్లీ వేడి చేయగానే పసుపు వచ్చింది.

మా ఇంట్లోనూ ఇది జరిగింది. నాన్న పోయాక అమ్మ గాజులు రెండు మార్చడానికి ఒక పెద్ద కొట్టుకి తీసుకెళ్లాం. కౌంటర్ మీద అబ్బాయి గీటురాయి మీద ఒక గీత గీసి "పంతొమ్మిది" అన్నాడు. అమ్మకి నోట మాట రాలేదు, ఎందుకంటే అవి నాన్న తన చేత్తో చేసినవి. వెనక్కి తెచ్చి కేంద్రంలో పరీక్ష చేయిస్తే ఇరవై ఒకటికి పైనే వచ్చింది. ఆ కాగితం పట్టుకుని వేరే కొట్టుకి వెళ్తే ఆ లెక్కనే తీసుకున్నారు. డబ్బు తేడా సంగతి అలా ఉంచండి, అమ్మ మొహంలో వెలుగు చూడాలి మీరు. మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: 2011లో కొన్న నగ మీద త్రికోణం ఉంది, 916 ఉంది, ఇంకా రెండు మూడు గుర్తులు, విడిగా ఒక ఇంగ్లీషు అక్షరం ఉన్నాయి. ఆరు అక్షరాల కోడ్ లేదు. ఇది దొంగ ముద్రా?
— నెల్లూరు

జవాబు: కాదు. అప్పటి పద్ధతి అది. మన దేశంలో బంగారానికి హాల్‌మార్క్ 2000లో మొదలైంది, అప్పట్లో స్వచ్ఛందం. అప్పుడు బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత అంకె, పరీక్ష కేంద్రం గుర్తు, అమ్మిన వ్యాపారి గుర్తు, ఏ సంవత్సరమో చెప్పే అక్షరం ఉండేవి. 2000కి 'ఏ', 2001కి 'బీ', అలా. 2017 నుంచి సంవత్సరం అక్షరం తీసేశారు, 2021లో మిగతా రెండూ పోయి ఆరు అక్షరాలు వచ్చాయి. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు, తర్వాత జిల్లాలు పెంచుతూ వచ్చారు. మీ నగ నిక్షేపంగా చెల్లుతుంది. మళ్లీ ముద్ర వేయించాల్సిన పని కూడా లేదు.

ప్రశ్న: హాల్‌మార్క్ ఖర్చు అని మా బిల్లులో 1,200 రూపాయలు వేశారు. అడిగితే బరువును బట్టి ఉంటుందన్నారు. 32 గ్రాముల నెక్లెస్. తరుగు విడిగా 14 శాతం వేశారు. రాళ్ల బరువు కూడా బంగారం ధరకే లెక్కగట్టారేమోనని అనుమానం.
— విజయవాడ, గవర్నర్‌పేట

జవాబు: బరువును బట్టి ఉండదు. బంగారం వస్తువు ఒక్కింటికి 45 రూపాయలు, దాని మీద 18 శాతం పన్ను కలిపితే 53 రూపాయల 10 పైసలు. రెండు గ్రాముల ఉంగరానికీ అంతే, వంద గ్రాముల వడ్డాణానికీ అంతే. వెళ్లి, బిల్లు చూపించి, మిగతాది వెనక్కి ఇమ్మనండి. గొడవ పడక్కర్లేదు, "ఒక్క నగకి రుసుము ఎంతో కాగితం మీద రాసివ్వండి" అంటే చాలు.

తరుగు మాత్రం వేరే విషయం. తరుగుకీ మజూరీకీ ఇంతే ఉండాలని ప్రభుత్వ నియమం లేదు, అది బేరం. కొన్ని కొట్లలో దాన్నే వీఏ అని రాస్తారు. పని ఎక్కువున్న నగషీ నగకి ఎక్కువ, మెషిన్ గొలుసుకి తక్కువ ఉండాలి. గొలుసుకీ నగషీ హారానికీ ఒకే శాతం చెబితే నిలబడి అడగండి. హాల్‌మార్క్ ఉంది కాబట్టి తరుగు ఎక్కువ అనే మాట అసలు నమ్మకండి, ఆ రెండింటికీ సంబంధం లేదు.

రాళ్ల సంగతికి వస్తే, 916 ముద్ర బంగారం గురించి మాత్రమే చెబుతుంది, పొదిగిన కెంపుల గురించీ, లోపల నింపిన లక్క గురించీ, నల్లపూసల గురించీ ఒక్క ముక్క చెప్పదు. కాటా మీద 32 గ్రాములు చూపించిందంటే అందులో అన్నీ ఉన్నాయి. బిల్లులో నగ పేరు, బంగారం నికర బరువు, క్యారెట్‌తో పాటు 916 లాంటి అంకె, హాల్‌మార్క్ రుసుము, ఇవి విడివిడిగా రాయాలి. నికర బరువు అనే గడి ఖాళీగా ఉంటే అదే మీ అనుమానానికి జవాబు. రాళ్లకి విడిగా ధర వేసి, మళ్లీ వాటి బరువుకి బంగారం ధర కూడా వేశారా అన్నది ఆ గడితోనే తేలుతుంది.

ప్రశ్న: మా కోడలికి వెండి పట్టీలు కొంటే ఆరు నెలలకే నల్లబడ్డాయి. కల్తీయేనా? గృహప్రవేశానికి వచ్చిన వెండి కుంకుమ భరిణెలు మాత్రం తళతళలాడుతున్నాయి. కొట్టువాళ్లు జర్మన్ సిల్వర్ మంచిదంటున్నారు.
— కరీంనగర్

జవాబు: అమ్మా, నల్లబడటం కల్తీకి గుర్తు కాదు. మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండిని తాకితే పైన నల్లటి పొర కడుతుంది. మీ కోడలు పట్టీలు తీయకుండా వేసుకుంటుంది కాబట్టి చెమట, సబ్బు అన్నీ తగులుతాయి. మెత్తటి బట్టతో రుద్దితే చాలావరకు పోతుంది. పట్టీల్లో రాగి కొంత ఎక్కువ ఉండటం కూడా మామూలే, మరీ మేలిమి వెండైతే మెత్తబడి రింగులు సాగి తెగిపోతాయి. ఎంత కలిపారో చెప్పి, ఆ ధరే తీసుకుంటే తప్పులేదు. మేలిమి ధర తీసుకుంటేనే తప్పు.

ఆ తళతళలాడే భరిణెలు జర్మన్ సిల్వర్‌వి అయితే అవి అసలు వెండే కావు. జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క చుక్క ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం అది. చూడటానికి బాగుంటుంది, పూజకి వాడుకోండి, కానీ రేపు అమ్మితే వెండి ధర వస్తుందనుకోకండి. పేరులో సిల్వర్ ఉందని మోసపోయినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు.

వెండికి హాల్‌మార్క్ 2005 నుంచి ఉంది గానీ ఈ రోజుకీ స్వచ్ఛందమే. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికి కూడా ఆరు అక్షరాల కోడ్ ఇస్తున్నారు. త్రికోణం పక్కన సిల్వర్ అనే మాట, 925 లాంటి అంకె, కోడ్ ఉంటాయి. 800, 835, 925, 958, 970, 990, 999 అనే రకాలున్నాయి. ఉత్త 925 అని మాత్రమే ఉండి త్రికోణం లేకపోతే అది కొట్టువాడి మాటే, పరీక్ష జరిగిందని కాదు. మీ కరీంనగర్ తీగపని ఫిలిగ్రీ వస్తువులు కొనేటప్పుడు కూడా ఎంత స్వచ్ఛతో బిల్లు మీద రాయించుకోండి. అంత సన్నటి తీగ లాగాలంటే మంచి వెండే కావాలి. ఆ చేతులకి గౌరవం ఇస్తూనే కాగితం అడగవచ్చు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. ఇక్కడ కొన్న గొలుసు మీద ఓడ లంగరు బొమ్మ, 375 అంకె ఉన్నాయి. డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య వదినకి కొన్నదాని మీద 14కే అని మాత్రమే ఉంది. ఊరికి తెస్తే ఇవి చెల్లుతాయా?
— బర్మింగ్‌హామ్

జవాబు: మీ గొలుసు మీద ఉన్న లంగరు మీ ఊరి పరీక్ష కార్యాలయం గుర్తే, 1773లో పెట్టిన కార్యాలయం అది. లండన్‌ది చిరుతపులి తల. అసలు హాల్‌మార్క్ అన్న మాట లండన్‌లో కంసాలుల సంఘం భవనమైన గోల్డ్‌స్మిత్స్ హాల్ నుంచే వచ్చింది, అక్కడికి తీసుకెళ్లి ముద్ర వేయించాలి కాబట్టి. చిరుత తల ముద్ర 1300లో చట్టంతో మొదలైంది. అక్కడ గ్రాము దాటిన బంగారం నగకి ముద్ర తప్పనిసరి, కాబట్టి మీది నమ్మదగిన గుర్తే. కానీ 375 అంటే 9 క్యారెట్లు, వెయ్యిలో 375 పాళ్లే బంగారం. మన దగ్గర 9 క్యారెట్లని హాల్‌మార్క్‌లో చేర్చింది 2025 జులైలో. ఇక్కడ మార్చబోతే వచ్చేది దానిలోని బంగారానికే, అక్కడ కట్టిన ధరకి కాదు.

అమెరికాలో సంగతి వేరు, అక్కడ ప్రభుత్వం నడిపే పరీక్ష కార్యాలయాలు లేవు. ముద్ర వేయాలన్న నిర్బంధం కూడా లేదు, అయితే 14కే అని వేస్తే తయారీదారు తన గుర్తు కూడా పక్కన వేయాలి. మీ అన్నయ్యని ఆ గుర్తు ఉందో లేదో చూడమనండి. 14కే పక్కన జీపీ అని గానీ జీఎఫ్ అని గానీ ఉంటే అది పూత, నగ మొత్తం బంగారం కాదు. పచ్చగా మెరుస్తున్న నగ మీద 925 కనిపిస్తే అది వెండి మీద బంగారు పూత.

విదేశాల్లో కొన్నవాటి మీద మన త్రికోణం ఉండదు, దానికి కంగారు పడక్కర్లేదు. మీవి మీరు వేసుకోవచ్చు. గల్ఫ్‌లో పనిచేసి జగిత్యాల, నిజామాబాద్ వైపు వచ్చేవాళ్లు తెచ్చే నగలకీ ఇదే మాట. అక్కడి బిల్లు పారేయకండి, ఇక్కడ అమ్మేటప్పుడు పరీక్ష చేయించండి.

ప్రశ్న: ముక్కుపుడక మీద ఏ ముద్రా లేదు. మోసమా?
— శ్రీకాకుళం

జవాబు: రెండు గ్రాముల లోపు వస్తువులకి మినహాయింపు ఉంది, ముక్కుపుడక సాధారణంగా అంత బరువు ఉండదు. కుందన్, పోల్కీ, జడావు నగలకీ, ఏడాదికి 40 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారులకీ కూడా మినహాయింపే. మీ ఊళ్లో తెలిసిన కంసాలి దగ్గర చేయించుకుంటే ముద్ర లేకపోవచ్చు, అంతమాత్రాన ఆయన్ని అనుమానించకండి, స్వచ్ఛత మాత్రం చీటీ మీద రాయించుకోండి. వన్ గ్రామ్ గోల్డ్ అని అమ్మేవి వేరే, అవి పూత నగలు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ లాగే వాటికీ వాటి అందం ఉంది, వాడకం ఉంది. బంగారమని కొనకూడదు, అంతే.

ప్రశ్న: 20 గ్రాముల గొలుసు కొన్నాను. మీరు పోయిన నెల చెప్పినట్టు యాప్‌లో కోడ్ కొడితే ఉంగరం అని వచ్చింది, వ్యాపారి పేరు కూడా వేరే ఊరిది. కొట్టుకి వెళ్తే "కంప్యూటర్ తప్పు, మీకు నగ బాగానే ఉంది కదా" అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
— పేరు వద్దన్న పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: తమ్ముడూ, యాప్ చూశావు, చాలా మంచి పని చేశావు. వ్యాపారి పేరు ఒక్కటే తేడా వస్తే వేరే కారణం ఉండొచ్చు. ఒక పెద్ద వ్యాపారి ముద్ర వేయించి చిన్న కొట్టుకి టోకున అమ్మడం మామూలే. కానీ గొలుసుకి ఉంగరం అని రావడం చిన్న విషయం కాదు. ఇంకొకరి ఉంగరానికి ఇచ్చిన కోడ్ నీ గొలుసు మీద చెక్కి ఉండొచ్చు. కంప్యూటర్ తప్పు అన్నమాట వాళ్లు రాసిస్తే తీసుకో, రాసివ్వరు.

నగ వాళ్ల చేతికి మళ్లీ ఇవ్వకు, "సరిచేసి ఇస్తాం" అన్నా ఇవ్వకు. ముందు కోడ్ స్పష్టంగా కనిపించేలా ఫొటో, తెర ఫొటో, బిల్లు ఫొటో తీసిపెట్టు. నగని బీఐఎస్ గుర్తింపు ఉన్న వేరే కేంద్రానికి తీసుకెళ్లి పరీక్ష చేయించు, పుటం పెట్టి చూడమని అడుగు, మచ్చు తీస్తారు కాబట్టి కొద్దిగా బంగారం పోతుంది, దానికి వెనకాడకు. యాప్‌లోనే ఫిర్యాదు చేసే చోటు ఉంది, హైదరాబాద్‌లో బీఐఎస్ కార్యాలయం ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా నమోదు చేసుకుంటారు.

తక్కువ వస్తే నీకు రావాల్సింది ఎంతో చెబుతా. 2018 బీఐఎస్ నిబంధనల ప్రకారం తగ్గిన స్వచ్ఛత విలువకి రెండింతలు, దానితో పాటు పరీక్ష ఖర్చు ఇవ్వాలి. లెక్క ఇలా: 916 అని అమ్మి 850 వచ్చిందనుకో, వెయ్యికి 66 పాళ్లు తక్కువ. 20 గ్రాముల మీద 1.32 గ్రాముల మేలిమి బంగారం తగ్గినట్టు. లెక్క సులువుగా ఉండటానికి మేలిమి గ్రాము 10,000 అనుకుంటే 13,200 రూపాయల తేడా, రెండింతలు చేస్తే 26,400. ఇవాళ్టి ధర వేసుకుని నువ్వే చూసుకో. 916 అంటే 916 ఉండాల్సిందే, కొంచెం అటూ ఇటూ అన్న సడలింపు కిందికి లేదు. 910 వచ్చినా అది తక్కువే.

ఒకవేళ పరీక్షలో 916 సరిగ్గా వచ్చినా కోడ్ గొడవ అలాగే ఉంటుంది. రేపు నువ్వు అమ్మడానికి వెళ్లినప్పుడు కొనేవాడు కూడా అదే యాప్ తెరుస్తాడు, ఉంగరం అని వస్తే నిన్ను అడుగుతాడు. కాబట్టి బంగారం మంచిదైనా ఫిర్యాదు చెయ్యి.

ఇంకొక్క చిన్న మాట, ఇది అందరికీ. కొట్లలో ఇచ్చే బిల్లు చాలాచోట్ల వేడికి అచ్చయ్యే నున్నటి కాగితం మీద వస్తుంది. బీరువాలో నగల పెట్టెలో పెడితే ఏడాది రెండేళ్లకి అక్షరాలు ఎగిరిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. మా చెల్లెలికి అలాగే అయింది. ఇవాళే జిరాక్స్ తీయించి, వెనక ఆరు అక్షరాల కోడ్ నీ చేత్తో రాసి, నగతో కాకుండా వేరే చోట పెట్టు.